బస్సులో వచ్చిపోయేవాళ్లకి మా యూనివర్సిటీ లైబ్రరీ ఎంతవరకు పనికొస్తుంది?

మాది రాజోలు వైపు. గోదావరి డెల్టా కాలువల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇప్పుడు థీసిస్ చివరి దశలో ఉంది. క్యాంపస్‌కి రెండు బస్సులు మారి వెళ్లాలి. తిరుగు బస్సు అందాలంటే రీడింగ్ హాల్లో జనం నిండే వేళకి నేను లేచి వచ్చేయాలి. హాస్టల్ పిల్లలకి లైబ్రరీ అంటే రాత్రి దాకా కూర్చుని చదువుకునే చోటు. నాకు మాత్రం, ఇంటికి వెళ్లాక అది ఎంత పనికొస్తుందన్నదే ముఖ్యం. అలా చూస్తే మా లైబ్రరీకి మంచి మార్కులే వేస్తాను.

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది ఇన్‌ఫెడ్ లాగిన్ గురించి. ఇది యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఏర్పాటు. లైబ్రరీ ఇచ్చే యూజర్‌నేమ్‌తో ఇంట్లో కూర్చుని, సొంత నెట్ మీదే, యూనివర్సిటీకి వచ్చే జర్నళ్లు తెరుచుకోవచ్చు. 2025 జనవరిలో, దేశమంతటికీ కలిపి జర్నళ్లు కొనే కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలయ్యాక దీని విలువ బాగా పెరిగింది. 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు నాకు కావలసిన వ్యాసం డబ్బు కట్టమని అడిగితే, రాసినవాళ్లకే మెయిల్ పెట్టి జవాబు కోసం ఎదురుచూసేదాన్ని. డెల్టా భూమి కుంగడం మీద, ఉప్పునీరు లోపలికి రావడం మీద వచ్చిన కొత్త వ్యాసాలు ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మా వీధి అరుగు మీదే చదువుకుంటున్నాను.

బాధ ఏమిటంటే, ఈ లాగిన్ సంగతి చాలామందికి తెలియదు. ఎంఏ చదివినన్నాళ్లు నాకూ ఎవరూ చెప్పలేదు. రిఫరెన్స్ విభాగం మేడమ్ ఒకరోజు నేను జిరాక్స్ కాగితాలు మోసుకుపోతుంటే చూసి, “యూజర్‌నేమ్ తీసుకున్నావా అమ్మా?” అని అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చూపించారు. అలాంటి మనిషి అక్కడ ఉండటం మా అదృష్టం. కానీ అడ్మిషన్ రోజునే ప్రతి విద్యార్థికీ అందాల్సిన విషయం ఇది.

మన సొంత విషయాల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. విదేశాల్లో నిన్న అచ్చయిన వ్యాసం నిమిషంలో దొరుకుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయిందని ఏ పుస్తకమైనా చెబుతుంది. ఆ తర్వాత కాలువ కింది ఊళ్లలో నీటి తగాదాలు ఎలా నడిచాయో తెలుసుకోవాలంటే పాత తెలుగు పత్రికలు కావాలి. అవి మా లైబ్రరీలో అరకొరగా ఉన్నాయి. బైండు చేసిన సంపుటాల్లో కొన్నింటికి చెమ్మ పట్టింది, కొన్నింటి అంచులు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. మన గాలిలో తేమకి కాగితం ఎలా పాడవుతుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. స్కాన్ చేసే యంత్రం ఉంది, ఆ పనికి కేటాయించిన మనిషి లేడు. నా గట్టి ఫిర్యాదు ఇదే. బయటి జర్నళ్లు దేశమంతటికీ ఒకేసారి కొనొచ్చు. ఇవి పోతే ఎవరూ కొనివ్వలేరు.

వీటి కోసం చివరికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాను. 1898 నుంచి వేళ్లూనుకున్న సంస్థ అది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. అక్కడికి వెళ్లమన్నది కూడా ఆ మేడమే. ఇతరుల థీసిస్‌ల కోసమైతే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, దేశంలోని థీసిస్‌లని ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ ఉంది. నీటిపారుదల మీద వేరే యూనివర్సిటీల వాళ్లు చేసిన పని అందులో చూశాకే నా అధ్యాయాల వరుస మార్చుకున్నాను. తెలుగులో రాసిన థీసిస్‌లూ దొరుకుతాయి.

సిమిలారిటీ చెకింగ్, అంటే థీసిస్ ఇతరుల రాతలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్‌తో చూడటం గురించి అందరికీ టెన్షనే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 దాటి 40 లోపు ఉంటే సవరించి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. మూలం చెప్పి ఉటంకించిన భాగాల్ని, రిఫరెన్సుల పట్టికని లెక్కలోకి తీసుకోరు. మా లైబ్రరీ వాళ్లు రిపోర్టు చేతికిచ్చి పంపేయలేదు. ఏ రంగు గీత దేనికి వచ్చిందో ఓపిగ్గా చెప్పారు. నా తెలుగు పేజీల్లో మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ పెద్దగా ఏమీ పట్టుకోలేదు.

పుస్తకాల అరువు, కేటలాగు వెతుకులాట మామూలుగానే నడుస్తాయి. రీడింగ్ హాలు డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది, పొద్దున్నే వెళ్తేనే ఫ్యాన్ కింద చోటు. వాళ్లని తప్పుపట్టను, ఊళ్లో ఇంకెక్కడా అంత నిశ్శబ్దం దొరకదు.

ఆదివారం మూసివేయడమే నాకు మింగుడుపడటం లేదు. వారమంతా ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసేవాళ్లకి దొరికేది ఆ ఒక్క రోజే. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు ఈ గోదావరి ప్రాంతంలోదే, అలాంటి చోట ఆదివారం తాళమేమిటనిపిస్తుంది. కనీసం మధ్యాహ్నం దాకా తెరవమని మేం స్కాలర్లం కలిసి అర్జీ ఇచ్చాం. జవాబు రావాల్సి ఉంది.

కొత్తగా చేరేవాళ్లు ఫీజు రసీదు, ఐడీ కార్డు పట్టుకుని మొదటి వారంలోనే రిఫరెన్స్ విభాగానికి వెళ్లండి. లాగిన్ అక్కడే అడిగి తీసుకుని, బస్సు ఎక్కేలోపు ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి.