శ్రవణ నాడి మీద కణితి, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్: ఏడేళ్ల వాడకం తరువాత

నాకు న్యూరోఫైబ్రోమటోసిస్ రెండవ రకం ఉంది. 22వ క్రోమోజోములోని ఒక జన్యువు దెబ్బతినడం వల్ల రెండు చెవుల నాడుల మీదా కణితులు పెరిగే వ్యాధి ఇది. అవి క్యాన్సరు గడ్డలు కావు గాని నాడిని నొక్కి వినికిడిని హరిస్తాయి. కుడి వైపు కణితి బాగా పెరిగిపోయాక తీశారు కనుక నాడి దక్కలేదు. ఎడమ వైపుది చిన్నగా ఉండగానే తీసి, నాడిని నిలిపి, అదే శస్త్రచికిత్సలో కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణ నాడికి అందించే పరికరం) అమర్చారు. అది జరిగి ఏడేళ్లు.

ఇక్కడ ముందుగా తెలుసుకోవలసింది నాడి సంగతే. లోపల అమర్చిన ఎలక్ట్రోడ్లు, లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోని నాడి తంతువులను విద్యుత్తుతో ప్రేరేపిస్తాయి; ఆ సంకేతాన్ని మెదడుకు చేర్చే నాడి లేకపోతే ఎంత ఖరీదైన ఇంప్లాంటయినా వృథా. నాడి పోయినవారికి మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) మీదే అమర్చే ఇంప్లాంట్ ఉంది. దాన్ని మొదటిసారి 1979లో లాస్ ఏంజలెస్‌లో అమర్చారు. అయితే నాడి నిలిచినవారికి కాక్లియర్ ఇంప్లాంట్‌తోనే మాట సాధారణంగా మెరుగ్గా అర్థమవుతుంది.

స్విచ్ ఆన్ చేసిన రోజు మా ఆవిడ మాట రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించింది. ఆమె కంఠాన్ని గుర్తుపట్టడానికి మూడు నెలలు, ఫోనులో మాట్లాడడానికి ఏడాదికి పైగా పట్టింది. మ్యాపింగులో, అంటే ఒక్కో ఎలక్ట్రోడుకు ఎంత కరెంటు ఇవ్వాలో సరిచూసేటప్పుడు, రెండు ఎలక్ట్రోడ్లకు కరెంటు పెంచినప్పుడల్లా కనురెప్ప అదరడంతో వాటిని ఆపేశారు. ముఖ నాడి పక్కనే ఉండడం వల్ల అలా జరుగుతుందని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) వివరించారు. ఇప్పుడు ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పేది దాదాపు అంతా అందుతుంది. బస్టాండు రద్దీలో మాత్రం పెదవులు చూడక తప్పదు. సుప్రభాతం కంఠతా వచ్చు కనుక విన్నట్టే ఉంటుంది. కొత్తగా విన్న అన్నమయ్య కీర్తన ఏ రాగమో మాత్రం పోల్చుకోలేను. నాకు మిగిలిన పెద్ద లోటు ఇదే.

తిరుపతివాసిగా మరొకటి చెప్పాలి. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు చెమట మైకులోకి దిగి ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కు బయట పెట్టుకునే భాగం) రెండుసార్లు ఆగిపోయింది. అప్పటి నుంచి రాత్రిపూట దాన్ని తేమ పీల్చే డబ్బాలో పెడుతున్నాను. కొండ మీద తలనీలాలు ఇచ్చాక జుట్టు అడ్డు లేక, సంకేతాన్ని చర్మం గుండా లోపలికి పంపే కాయిల్‌ను తల మీద నిలిపే అయస్కాంతం చర్మాన్ని గట్టిగా పట్టి ఎర్రగా కందింది. తక్కువ బలం గల అయస్కాంతానికి మార్చాక సర్దుకుంది. గుండు చేయించుకునే ముందే ఆడియాలజిస్టుతో మాట్లాడి ఉంటే ఆ వారం రోజుల నొప్పి తప్పేది.

అన్నింటికన్నా ఇబ్బంది ఎమ్మారై. ఈ వ్యాధిలో కణితి తిరిగి పెరుగుతోందో లేదో జీవితాంతం స్కాన్లలో చూసుకుంటూ ఉండాలి, కాని చర్మం కింద ఇంప్లాంట్‌లో ఉండే అయస్కాంతం చుట్టూ చిత్రంలో పెద్ద నల్లని నీడ పడుతుంది, అదీ కణితి ఉన్న వైపే. ఒక స్కానింగ్ కేంద్రంలో నా ఇంప్లాంట్ కార్డు చూడగానే కుదరదని వెనక్కి పంపేశారు. నాది పాత రకం కావడంతో తలకు బిగుతుగా కట్టు కట్టి 1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) యంత్రంలోనే తీయించుకోవలసి వస్తోంది; కొత్త రకాల్లో అయస్కాంతం తిరిగే వీలుండడం వల్ల 3 టెస్లా వరకూ పనికివస్తాయి. ఇదే వ్యాధితో శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు ఏ కంపెనీది అని అడిగే ముందు అయస్కాంతం ఏ రకమో, నాడి నిలిచిందో లేదో ఆపరేషన్ బల్ల మీదే ఎలా పరీక్షిస్తారో అడగాలి.