వన్‌టౌన్‌లో జాడీ కొనేవాళ్ళూ, ఒక్క నిమిషం ఆగండి

ఏ కొట్టో మీకు చెప్పక్కర్లేదు. మామిడికాయలు దిగాయంటే బెజవాడలో సగం మంది అక్కడే ఉంటారు. పేరు రాస్తే మళ్ళీ అదో గొడవ, రాయను. పాత జాడీ మా అమ్మాయికి ఇచ్చి హైదరాబాదు పంపేశా. అందుకని మొన్న ఆదివారం 1200 పోసి పెద్ద జాడీ తెచ్చుకున్నా. వంద తగ్గించానని దారంతా మురిసిపోయా కూడా.

సోమవారం ఆవకాయ కలిపాను. 15 కాయలు దగ్గరుండి కొట్టించి, జీడి తీసి, పొర గీకి, ముక్క ముక్కా తుడిచి పెట్టుకున్నా. కారానికి గుంటూరు 334 మిరప, రంగుకి వరంగల్ చపాటా మిరప. పప్పునూనె 2 కిలోలు. ఆ నూనె ధర మీకు తెలుసు.

మూడో రోజు తిరగ కలుపుదామని వాసెన గుడ్డ విప్పితే పైన నూనె చుక్క లేదు. ముక్కలన్నీ బైటికి తేలి ఎండుగా ఉన్నాయి. పిండి పీల్చుకుందేమో, ఇంకాస్త పోద్దాం అనుకున్నా, నా తెలివి తెల్లారినట్టే ఉంది. జాడీ జరిపితే కింద పీటంతా ఎర్రగా మడుగు! నూనే కాదు, ఊట కూడా కారిపోయింది.

ముక్కలు గాజు సీసాల్లోకి మార్చి, జాడీ కడిగి చూస్తే అడుగున వెంట్రుకంత పగులు. దాని మీద ఏదో తెల్లగా పూశారు. గోరుతో గీకితే పెళ్ళలా ఊడొచ్చింది. నిన్న సాయంత్రం ఆటోలో వేసుకుని కొట్టుకే వెళ్ళాను.

కొట్టాయన జాడీని ముట్టుకోను కూడా లేదు. "జాడీ అన్నాక కాస్త చెమరుస్తుందమ్మా" అన్నాడు. చెమర్చడానికి అదేమన్నా మంచినీళ్ళ కూజానా? పగులు చూపించాను. "మీరే ఎక్కడో తగిలించుంటారు" అన్నాడు. మరి ఆ తెల్ల పూత కూడా నేనే పూశానా అంటే ఒక్క క్షణం ఆగాడు. ఆగి, కొట్టు నిండా జనం ఉండగా, "ఆవకాయ పెట్టడం చేతకాక జాడీని అంటే ఎట్లాగండీ" అన్నాడు. పక్కన కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

22 ఏళ్ళుగా పెడుతున్నా నేను! మా వీధిలో సగం ఇళ్ళకి నేనే కలిపిస్తాను. డబ్బు పోయినందుక్కూడా ఇంత మండలేదు. ఏదో ఒకటి గట్టిగా అనాల్సింది, నోరు పెగల్లేదు. అనాల్సినవన్నీ రాత్రి పన్నెండింటికి పక్కమీద గుర్తొచ్చాయి. "పోనీ 200 తగ్గిస్తా, ఇంకోటి పట్టుకెళ్ళండి" అన్నాడు చివరికి, ఎంత దయో! ఆ పగిలినది మాత్రం అక్కడ వదల్లేదు. వదిలితే మళ్ళీ పూత పూసి మీలో ఎవరికో అంటగడతాడు.

అన్నట్టు, జాడీ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమనాలి, బొదబొదమంటే వద్దు. ఇంటికి తెచ్చాక కాగితం మీద పెట్టి రాత్రంతా నీళ్ళు నింపి ఉంచండి, తెల్లారి కాగితం తడిసిందేమో చూడండి. తర్వాత ఎండలో బాగా ఆరాకే పచ్చడి వెయ్యండి, తడుంటే బూజే. ఇవన్నీ మా అమ్మ చెప్పినవే. నేనే, బేరం కుదిరిన సంబరంలో ఒక్కటీ చెయ్యలేదు.

సీసాల్లో ముక్కల మీదికి వేలెత్తు నూనె పోశాను. ఊట పోయింది కదా, ఉప్పు చాలుతుందో లేదో రేపు రుచి చూస్తే గానీ తెలీదు.