రాబిన్సనా, సింప్సనా? ఎవరి కెరీర్ మేలు?

ఇద్దరూ 1950లు, 60ల్లో యూరప్ వెళ్లి రేసుల్లో తలపడిన బ్రిటన్ సైక్లిస్టులు. గెలుపుల లెక్క ఒక్కటే చూస్తే ఈ పోలిక పెట్టనే అక్కర్లేదు. టామ్ సింప్సన్ ఖాతాలో యూరప్ పెద్ద రేసులు టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ (1961), బోర్డో-పారిస్ (1963), మిలాన్-సాన్ రెమో (1964), ప్రపంచ చాంపియన్‌షిప్, గిరో డి లొంబార్డియా (రెండూ 1965లోనే), పారిస్-నీస్ (1967) ఉన్నాయి. బ్రయాన్ రాబిన్సన్ పేరు మీద చెప్పుకోదగ్గవి టూర్ డి ఫ్రాన్స్‌లో (ఫ్రాన్స్ చుట్టూ మూడు వారాలపాటు సాగే రేసు, ఒక్కో రోజు పరుగు ఒక్కో స్టేజీ) రెండు స్టేజీలు, 1961లో డోఫినే లిబెరే అనే ఫ్రెంచ్ రేసు. అయినా ఈ ఇద్దరిలో ఎవరి కెరీర్ కావాలి అని అడిగితే నేను రాబిన్సన్‌దే తీసుకుంటాను. ఎందుకో చెప్పాలంటే వాళ్లు ఎక్కణ్ణుంచి బయల్దేరారో చెప్పాలి.

బ్రిటన్‌లో రోడ్డు మీద గుంపుగా సైకిల్ రేసు పెట్టడాన్ని 19వ శతాబ్దం చివర్లోనే సైక్లింగ్ పెద్దలు తమకు తామే నిషేధించుకున్నారు. పోలీసులకు కోపమొస్తే రోడ్ల మీద సైకిళ్లనే ఆపేస్తారని భయం. బదులుగా టైమ్ ట్రయల్స్, అంటే ఎవరికి వారు గడియారంతో పోటీపడే రేసులు నడిపేవాళ్లు. తెల్లవారుజామున, నల్ల బట్టలతో, నిమిషానికొకర్ని చొప్పున, దొంగచాటుగా అన్నట్టు వదిలేవాళ్లు. 1942లో పెర్సీ స్టాలార్డ్ అనే ఆయన లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా గుంపు రేసు పెట్టి వెలికి గురయ్యాడు. ఆయన మనుషులు వేరే సంఘం పెట్టుకున్నారు. ఈ రెండు సంఘాల తగువు 1959లో అవి కలిసిపోయేదాకా సాగింది. యూరప్‌లో మాత్రం కుర్రాళ్లు చిన్నప్పట్నుంచే గుంపులో భుజాలు రాసుకుంటూ తొక్కడం నేర్చుకునేవాళ్లు.

యూరప్ వెళ్లిన ఈ ఇద్దరి దారులు కాక అసలు మూడో దారి కూడా ఉండేది: ఎక్కడికీ వెళ్లకపోవడం. రే బూటీ 1956 ఆగస్టులో 100 మైళ్లు (161 కిలోమీటర్లు) 3 గంటల 58 నిమిషాల 28 సెకన్లలో తొక్కాడు. ఇంగ్లండ్ టైమ్ ట్రయల్స్‌లో నాలుగు గంటల గోడ దూకిన మొదటివాడు ఆయనే. 1958 కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో రోడ్ రేసు స్వర్ణం కూడా గెలిచాడు. అమెచ్యూర్‌గానే ఉండిపోయాడు. గౌరవమైన జీవితమే, కాదనను. కానీ ఫ్రెంచివాళ్లతో, బెల్జియన్లతో రోజూ తలపడితే ఆయన సత్తా ఎంతో ఎవరికీ తేలలేదు. అందుకే బూటీని పక్కన పెడుతున్నాను.

రాబిన్సన్‌ది యార్క్‌షైర్, మిర్‌ఫీల్డ్. ఇంట్లో ఇళ్లు కట్టే పని. 1955లో పది మంది బ్రిటిష్ జట్టుతో టూర్ డి ఫ్రాన్స్‌కి వెళ్లాడు. ఆయన్ను పోషించిన కంపెనీ హెర్క్యులస్. అవును, మద్రాసు పక్కన అంబత్తూరులో తయారై మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన ఆ హెర్క్యులసే. పది మందిలో పారిస్ చేరింది ఇద్దరు. రాబిన్సన్‌ది 29వ స్థానం. రెండోవాడు టోనీ హోర్ది 69వది, అంటే అందరికన్నా ఆఖరు. అప్పటిదాకా టూర్ పూర్తి చేసిన బ్రిటన్‌వాడే లేడు కాబట్టి ఆ 69 కూడా చరిత్రే. మరుసటేడు రాబిన్సన్ 14వ స్థానానికి వచ్చాడు.

1958లో సాన్-బ్రియూ నుంచి బ్రెస్ట్ దాకా స్టేజీలో ముగింపు గీత ముందు దాటింది ఇటలీవాడు అర్రీగో పడోవన్. స్ప్రింట్‌లో అడ్డదిడ్డంగా తొక్కాడని అతణ్ణి వెనక్కి నెట్టి గెలుపు రాబిన్సన్‌కిచ్చారు. బ్రిటన్‌కి అదే మొదటి టూర్ స్టేజీ. జడ్జీలు ఇచ్చిన గెలుపేగా అని మూతి విరిచేవాళ్లకు మరుసటేడు జవాబొచ్చింది.

1959 టూర్‌లో ఒకరోజు ఒంట్లో బాగోక రాబిన్సన్ పూర్తిగా వెనకబడ్డాడు. ఐర్లాండ్ మిత్రుడు షే ఎలియట్ ఆయన కోసం ఆగి, పక్కనే తొక్కుతూ తీసుకొచ్చాడు. ఇద్దరూ ఆ రోజు స్టేజీ ముగించాల్సిన గడువు దాటిపోయారు. ఆ పొద్దున రాబిన్సన్ మొత్తం పట్టికలో తొమ్మిదో స్థానంలో ఉన్నాడు. మొదటి పదిమందిలో ఉన్నవాణ్ణి గడువు పేరుతో తీసేయకూడదని నిబంధన ఉండటంతో ఆయన నిలిచాడు. సాయం చేసిన ఎలియట్ ఇంటికెళ్లాడు. కొన్నాళ్లకే, ఆన్సీ నుంచి షాలోన్-సుర్-సోన్ స్టేజీలో రాబిన్సన్ ఒంటరిగా ముందుకెళ్లిపోయి గెలిచాడు. తేడా ఎంతో తెలుసా? 20 నిమిషాలు. గీత దాటి, మొహం కడుక్కుని, టీ తాగినా రెండోవాడు ఇంకా రాడు.

డోఫినే గెలిచాక ఎక్కువకాలం లాగలేదు. 1960ల మొదట్లోనే రేసులు మానేసి ఇంటికెళ్లి మళ్లీ ఇళ్లు కట్టుకున్నాడు.

సింప్సన్‌ది వేరే దూకుడు. గని కార్మికుడి కొడుకు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టు పర్స్యూట్ (ట్రాక్ రేసు) కాంస్యం తెచ్చాడు. 1959లో చేతిలో వంద పౌండ్లతో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. దిగిన ఊరు సాన్-బ్రియూ. ముందటేడు రాబిన్సన్ గెలిచిన స్టేజీ బయల్దేరింది ఆ ఊళ్లోంచే! 1962 టూర్‌లో ఒక్కరోజు, మొత్తం పట్టికలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నాడు. బ్రిటన్‌వాళ్లలో ఆయనే మొదటివాడు. మర్నాడు సూపర్‌బానేర్ కొండెక్కే టైమ్ ట్రయల్‌లో అది పోయింది, చివరికి ఆరో స్థానం. 1965లో స్పెయిన్‌లో రూడీ ఆల్టిగ్‌ని స్ప్రింట్‌లో కొట్టి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ గెలుపు చూసి ఉంటే ఈ వ్యాసంలో నేను ఆయన పక్షమే వహించేవాణ్ణేమో.

తేడా ఎక్కడంటే, ఒళ్లు చెప్పే మాట వినడంలో. 1967 జూలై 13న, టూర్ డి ఫ్రాన్స్‌లో మోన్ వాంటూ కొండ. మండే ఎండ. అప్పటికే కడుపు పాడై ఉన్నాడు. శిఖరం ఇంకో కిలోమీటరో, కిలోమీటరున్నరో ఉందనగా పడిపోయాడు. లేపి సైకిలెక్కిస్తే కొంతదూరం తొక్కి మళ్లీ పడ్డాడు. ఇక లేవలేదు. 29 ఏళ్లు. శరీరంలో యాంఫెటమిన్, ఆల్కహాల్ ఉన్నట్టు తేలింది, జెర్సీ జేబులో మాత్రల గొట్టాలు దొరికాయి. ఆ రోజుల్లో అది ఆయన ఒక్కడి అలవాటు కాదు. నీళ్లు తాగడంపైనా పరిమితులుండేవి. తప్పంతా ఆయన నెత్తిన రుద్దడం నాకిష్టం లేదు. కానీ ఇంట్లో భార్య, ఇద్దరు చిన్న కూతుళ్లు ఉన్నారు.

శిఖరాలే కొలతైతే సింప్సన్‌కే ఓటెయ్యండి, వాదించను. ఆయన ఎత్తును రాబిన్సన్ ఎన్నడూ అందుకోలేదు. నా కొలత వేరు. లేని దారి వేయడం, మొదటిసారే చివరిదాకా వెళ్లడం, సాయంత్రానికి పనిముట్లు సర్దుకుని ఇంటికి రావడం. 2014 జూలైలో టూర్ డి ఫ్రాన్స్ యార్క్‌షైర్‌లో మొదలైంది. అప్పటికి రాబిన్సన్‌కి 83 ఏళ్లు, ఇంకా సైకిల్ తొక్కుతున్నాడు. ఆ నెలలోనే కారు గుద్ది ఎముకలు విరిగాయి. కోలుకున్నాక బ్యాటరీ సైకిల్ ఎక్కాడు. 91 ఏళ్ల వయసులో, 2022లో పోయాడు.