నీళ్లలో పడితే ముందు ఎవరికి తెలియాలి: ఏఐఎస్ బీకనా, పీఎల్‌బీనా?

పడవలోంచి మనిషి జారిపడితే అందరికన్నా ముందు చేరుకోగలిగేది ఆ పడవే. అందుకే నా ఓటు ఏఐఎస్ బీకన్‌కు. ఏఐఎస్ అంటే పడవలు తామున్న చోటును రేడియోలో ఒకదానికొకటి తెలుపుకునే వ్యవస్థ; నీళ్లలో పడ్డ మనిషి చోటును అదే దారిలో పంపే చిన్న పరికరమే ఈ బీకన్. లైఫ్ జాకెట్‌లో సరిగ్గా అమర్చితే, జాకెట్ ఉబ్బగానే దానంతటదే పనిచేయడం మొదలుపెడుతుంది. ఇలాంటి బీకన్లకే కేటాయించిన, 972తో మొదలయ్యే నంబరుతో, మనిషి ఉన్న చోటును చుట్టుపక్కల పడవల తెరలపై చూపిస్తుంది. అయితే అలల మధ్య తేలే ఆ బుల్లి యాంటెన్నా సంకేతం కొద్ది మైళ్లే పోతుంది. పడవలో ఏఐఎస్ రిసీవరే లేకపోతే ఫలితం సున్నా.

పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్, అంటే మనిషి వెంట ఉంచుకునే ఆపద సంకేత పరికరం) 406 మెగాహెర్ట్జ్‌లో కాస్పాస్-సర్సాట్ అనే అంతర్జాతీయ గాలింపు, రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలను పిలుస్తుంది. మన దేశంలో ఆ కబురు బెంగళూరులోని ఇస్రో కేంద్రం ద్వారా తీరరక్షక దళానికి చేరుతుంది. దూరం సమస్య కాదు, ఆలస్యమే సమస్య. పైగా చాలా రకాల్లో యాంటెన్నా విప్పి మీట నొక్కాలి, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో! ఒంటరిగా వెళ్లేవారికి మాత్రం ఇదే దిక్కు. పడవను వెనక్కి తిప్పడానికి అందులో ఎవరూ ఉండరు కదా.