చిన్న రియాక్టర్‌కి స్టీమా, సీవోటూనా?

సూపర్‌క్రిటికల్ సీవోటూ (ద్రవానికీ గ్యాస్‌కీ మధ్యస్థంగా ఉండే కార్బన్ డయాక్సైడ్) టర్బైన్లు వచ్చేస్తున్నాయి కదా, చిన్న రియాక్టర్లకి ఇంకా ఆ పాత స్టీమే ఎందుకు అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా.

నీళ్లతో చల్లబరిచే రియాక్టర్లని ముందే పక్కన పెట్టేద్దాం, అక్కడ పోటీయే లేదు. వచ్చే వేడే 300 డిగ్రీల దగ్గర, దానికి స్టీమ్ తప్ప ఇంకోటి పెట్టి బావుకునేది ఏమీ ఉండదు. నూస్కేల్ అనే అమెరికా కంపెనీ చిన్న రియాక్టర్ 250 మెగావాట్ల వేడి నుంచి 77 మెగావాట్ల కరెంట్ తీస్తుంది, అంటే దాదాపు 31 శాతం. తక్కువే, కానీ ఆ తప్పు టర్బైన్‌ది కాదు.

అసలు గొడవంతా 500 డిగ్రీలు దాటాకే. సీవోటూ వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. 31 డిగ్రీలు, 74 బార్ ఒత్తిడి దగ్గర ఆ గ్యాస్ దాదాపు ద్రవంలా చిక్కబడుతుంది, అక్కడ కంప్రెస్ చేస్తే ఖర్చయ్యే పని బాగా తగ్గుతుంది. హీలియం గ్యాస్‌తో తిప్పే సైకిల్లో టర్బైన్ చేసిన పనిలో సగం దాకా కంప్రెసరే తినేస్తుంది, సీవోటూలో అది మూడో వంతుకి కాస్త అటూ ఇటూ. 550 డిగ్రీల టర్బైన్ ఇన్‌లెట్‌కి రీకంప్రెషన్ సైకిల్ (సీవోటూలో కొంత భాగాన్ని చల్లార్చకుండానే మళ్లీ కంప్రెస్ చేసే పద్ధతి) 43, 44 శాతం ఇస్తుందని కాగితం మీద లెక్కలు చూపిస్తాయి. మెషీన్ కూడా చిన్నది, అమెరికాలోని శాన్ ఆంటోనియోలో కట్టిన స్టెప్ అనే సీవోటూ టెస్ట్ ప్లాంట్‌లో 10 మెగావాట్ల టర్బైన్ ఒక ఆఫీస్ టేబుల్ అంతే ఉంటుంది.

నేను మాత్రం ముందు చూసేది ఆ శాతం కాదు. సైకిల్ ఎన్ని డిగ్రీల దగ్గర వేడి తీసుకోవడం మొదలుపెడుతుంది అన్నది చూస్తా. రీకంప్రెషన్ సైకిల్‌కి ఆ ఎఫిషియన్సీ వచ్చేదే రికూపరేటర్ల (టర్బైన్ దాటిన గ్యాస్ వేడిని కంప్రెసర్ దాటిన గ్యాస్‌కి అందించేవి) వల్ల, అందులో అటూ ఇటూ తిరిగే వేడి రియాక్టర్ ఇచ్చేదాని కంటే ఎక్కువ. దాంతో సీవోటూ హీటర్లోకి వచ్చేసరికే 400 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇంక అక్కడ తీసుకునేది 150 చిల్లర డిగ్రీలే. అంటే రియాక్టర్ వేడిని మోసుకొచ్చే కూలెంట్‌ని 400 కంటే కిందకి చల్లార్చే దారే లేదన్నమాట.

ఇప్పుడు హీలియంతో చల్లబరిచే హెచ్‌టీఆర్-పీఎం రియాక్టర్ చూడండి, 2023 డిసెంబర్‌లో చైనాలో కమర్షియల్‌గా నడవడం మొదలైంది. హీలియం 250 దగ్గర లోపలికెళ్లి 750 దగ్గర బయటికొస్తుంది, 500 మెగావాట్ల వేడికి మామూలు స్టీమ్ టర్బైన్‌తోనే 210 మెగావాట్లు, అంటే 42 శాతం. అక్కడ సీవోటూ పెట్టి హీలియం ఇన్‌లెట్‌ని 550కి లేపారనుకోండి (టర్బైన్ ఇన్‌లెట్ వేడి పెరిగేకొద్దీ పైన చెప్పిన 400 కూడా పైకి జరుగుతుంది), తేడా 500 నుంచి 200కి పడిపోతుంది, అదే వేడి మోయడానికి రెండున్నర రెట్లు హీలియం తిప్పాలి, పైపులు మార్చకపోతే హీలియంని తిప్పే బ్లోయర్ పవర్ ఫ్లోకి క్యూబ్‌లో పెరుగుతుంది కాబట్టి సుమారు 15 రెట్లు. పైగా ఆ చల్లటి ఇన్‌లెట్ హీలియం వల్లే ప్రెషర్ వెసెల్ మామూలు స్టీల్‌తో సరిపోతోంది, ఇన్‌లెట్ 550 అయితే ఆ సుఖం పోయి ఖరీదైన మెటీరియల్ వెతుక్కోవాలి. చెప్పుకి సరిపడా కాలు కోసుకున్నట్టు. పార్షియల్ కూలింగ్ సైకిల్ (ఇంకాస్త కింది డిగ్రీల నుంచే వేడి తీసుకునే సీవోటూ రకం) కొంచెం నయమే, అయినా నేనైతే అక్కడ స్టీమ్ దాటి వెళ్లను.

సోడియం రియాక్టర్ సంగతి వేరు. అక్కడ ఇన్‌లెట్‌కి అవుట్‌లెట్‌కి తేడానే 150 దగ్గర ఉంటుంది కాబట్టి సీవోటూ చక్కగా అమరుతుంది, సోడియానికీ నీళ్లకీ మధ్య పేలుడు భయం కూడా ఉండదు (సీవోటూతోనూ రియాక్షన్ ఉంది, కాకపోతే చాలా నెమ్మది). కానీ నాట్రియం అనే అమెరికా సోడియం రియాక్టర్ వాళ్లు ఏం చేశారు? మధ్యలో నైట్రేట్ సాల్ట్ పెట్టి, దాంతో స్టీమ్ చేసి, 840 మెగావాట్ల వేడికి 345 మెగావాట్లు తీస్తామంటున్నారు. 41 శాతం, పైగా సాల్ట్ ట్యాంకుల్లో స్టోరేజ్ కూడా వచ్చింది. సీవోటూతో అది 43 అయితే కరెంట్ 5 శాతం పెరిగినట్టు. 5 శాతం అంటే ఏడాదిలో 18 రోజులు. కొత్త సీల్సో బేరింగులో మొండికేసి అన్ని రోజులు ప్లాంట్ ఆగితే లెక్క సున్నా. రియాక్టరూ కొత్తదే టర్బైనూ కొత్తదే అంటే నాకు భయమే.

కరిగించిన సాల్ట్‌తో చల్లబరిచే రియాక్టర్లలో మాత్రం నా ఓటు సీవోటూకే. వాటిలో వాడే ఫ్లైబ్ అనే ఫ్లోరైడ్ సాల్ట్ 459 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, స్టీమ్ చేయడానికి పంపే 200 డిగ్రీల ఫీడ్‌వాటర్‌ని దాని పక్కన పెట్టాలంటే మధ్యలో ఇంకో లూప్ కావాలి. కైరోస్ అనే అమెరికా కంపెనీ డిజైన్‌లో సాల్ట్ 550 నుంచి 650 మధ్యే తిరుగుతుంది, హీటర్లోకి వేడివేడిగా వచ్చే సీవోటూకి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

ఎండ ప్రాంతాల్లో గాలితోనే చల్లబరచాలంటే ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, కంప్రెసర్ ఇన్‌లెట్ 45, 50కి చేరితే పైన చెప్పిన ఆ చిక్కదనం పోతుంది, కంప్రెసర్ మళ్లీ తినడం మొదలుపెడుతుంది. స్టీమ్ కూడా నష్టపోతుంది కానీ మరీ ఇంత కాదు. తమాషా ఏంటంటే నీళ్లు లేని చోటికే సీవోటూ బాగుంటుందని ఎక్కువ ప్రచారం.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డైరెక్ట్ హీలియం టర్బైన్ (రియాక్టర్ హీలియమే నేరుగా తిప్పేది) మీద ఆశపెట్టుకున్న సౌతాఫ్రికా పీబీఎంఆర్ రియాక్టర్ ప్రాజెక్ట్ 2010లో ఆగిపోయింది, అంతకుముందు జర్మనీలో ఓబర్‌హౌజెన్ హీలియం టర్బైన్ ప్లాంట్ 50 మెగావాట్లకి కడితే 30 దగ్గరే ఆగింది. ఓపెన్ ఎయిర్ బ్రేటన్ (బయటి గాలినే వేడిచేసి టర్బైన్ తిప్పే పద్ధతి) ఈవించీ లాంటి 5 మెగావాట్ల మైక్రో రియాక్టర్లకి ఓకే, నీళ్ల గోల ఉండదు. స్టిర్లింగ్ ఇంజిన్లు (లోపల మూసిన గ్యాస్ వేడెక్కి, చల్లబడి పిస్టన్‌ని కదిపేవి) అంతరిక్షానికి, 2018లో నాసా క్రస్టీ రియాక్టర్ టెస్ట్‌లో వాడింది అవే.