గండికోట దారిలో గాలి పోట్లు

జులైలో హైదరాబాద్ నుంచి గండికోటకు బండి మీద వెళ్లేవాళ్లు వానకన్నా గాలి గురించే ఎక్కువ ఆలోచించుకోవాలి. నైరుతి గాలి పడమటి నుంచి తోస్తుంటుంది, 44వ నంబరు హైవే దక్షిణానికి దిగుతుంది. కర్నూలు దాకా గాలంతా కుడి భుజం మీదే.

జడ్చర్ల దాటి బండి 80 అందుకోగానే, ఎవరో హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊపుతున్నట్టు ఉండేది. నాకంటే పొట్టివాడైన మా తమ్ముడిదీ అదే మోడల్ బండి, ముందు గాలికి అడ్డుగా ఉండే అదే షీల్డ్. వాడికి ఏ ఇబ్బందీ లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. షీల్డ్ అంచు దాటిన గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు వాడి తల మీదుగా పోతున్నాయి, నా తలకు సరిగ్గా తగులుతున్నాయి. షీల్డ్ వెనక పీడనం తగ్గడంతో పక్కల నుంచి, కింద నుంచి కూడా గాలి అక్కడికి ఎగబడుతుంది.

ఇంకా పొడుగు షీల్డ్ వేయించుకోమని చాలామంది చెప్తారు. డబ్బులు పెట్టేముందు ఖాళీ రోడ్డు మీద ఒక పరీక్ష చేయండి. సీటు మీంచి కాస్త లేచి చూడండి, తర్వాత కాస్త వంగి చూడండి. లేచినప్పుడు ఊపు ఆగి గాలి ఒకే ధారగా తగిలితే మీకు పొట్టి షీల్డే నయం. వంగినప్పుడు హాయిగా ఉంటే షీల్డ్ పెంచాలి, లేదా అంచుకు బిగించి గాలిని పైకి మళ్లించే చిన్న డిఫ్లెక్టర్ వేయాలి.

కర్నూలులో హార్డ్‌వేర్ షాపులో పొడుగు బోల్టులు, మందపాటి రబ్బరు వాషర్లు కొని, ఒక మెకానిక్ దగ్గర షీల్డ్‌ని వేలెడు ముందుకు జరిపించాం. ఆ సందులోంచి కింది గాలి పైకి వచ్చి షీల్డ్ వెనక వెలితిని నింపుతుంది. ఊపు పూర్తిగా పోలేదు కానీ మెడ పట్టేయడం ఆగింది. హెల్మెట్‌కి ముందున్న టోపీలాంటి పీక్ కూడా తీసేశాను, చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ పెట్టుకున్నాను. హైవే వేగంలో హెల్మెట్ లోపలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది, సాయంత్రానికి వచ్చే అలసటకు అదీ ఒక కారణం. ప్లగ్స్ ఉన్నా లారీ హారన్ బాగానే వినపడుతుంది.

కర్నూలు నుంచి నంద్యాల హైవే పట్టి, పాణ్యం దగ్గర దాన్ని వదిలి బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా వెళ్తే వేగం దానంతటదే తగ్గుతుంది, గాలి బాధ ఉండదు. నాపరాళ్ల లారీల దుమ్ము మాత్రం తప్పదు. బెలుం గుహలు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోత, రైడింగ్ జాకెట్ బండి బాక్సులో పెట్టి తాళం వేసి దిగండి.

గండికోటలో టెంట్లు అద్దెకిస్తారు. ఈ నెలలో వద్దనే నా సలహా, రాత్రంతా గుడ్డ టపటపలాడుతుంటే నిద్ర రాదు. టూరిజం వాళ్ల హరిత హోటల్ కోటకు దగ్గర్లోనే ఉంది, బండి పెట్టుకోవడానికి చోటుంది. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోండి. పెన్నా లోయ అంచున గాలి ఇంకా ఎక్కువ, ఫొటో కోసం చివరి రాయి దాకా పోవద్దు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎడమకు మారుతుంది. అప్పుడు లారీని దాటేటప్పుడే జాగ్రత్త. లారీ పక్కన ఉన్నంతసేపూ గాలి ఆగిపోతుంది, దాని ముక్కు దాటగానే ఒక్కసారిగా డివైడర్ వైపు తోస్తుంది. హ్యాండిల్ బిగపట్టకుండా మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, దాటేలోపే ఆ తోపుకి సిద్ధంగా ఉండాలి. బరువంతా వెనక టాప్ బాక్సులో వేస్తే ముందు చక్రం తేలికై ఇంకా ఊగుతుంది, బరువు సామాను పక్క సంచుల్లో కిందకు సర్దండి. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద ఏ అడ్డూ ఉండదు, అక్కడ 60కి తగ్గించి ఎడమ లేన్‌లోనే వెళ్లండి.