ఫ్నోమ్ పెన్‌లో ఆ రెండు చోట్లకి మేం రెండుసార్లు వెళ్ళాం

కంబోడియా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది అంగ్‌కోర్ వాట్. నేనూ నాన్నా బయల్దేరింది కూడా దానికోసమే. సియెమ్ రీప్‌లో మూడు రోజులు గుళ్ళు చూసుకుని, ఆరు గంటలు బస్సులో కూర్చుని ఫ్నోమ్ పెన్ చేరాం. గుళ్ళ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఫ్నోమ్ పెన్‌లోని జైలు మ్యూజియం టువోల్ స్లెంగ్, ఆ జైలు ఖైదీలని చంపి పూడ్చిన, ఊరి బయట ఉన్న చోయెంగ్ ఎక్ గురించి మాత్రం తెలుగులో రాయాల్సింది ఇంకా చాలా ఉందనిపించింది.

మొదటి రోజు పొరపాటు చేశాం. హోటల్ కౌంటర్‌లో 'రెండూ సగం రోజులో' అంటే సరేనన్నాం. పద్నాలుగు మందిని ఒక వ్యాన్‌లో ఎక్కించారు. జైలు మ్యూజియంలో గంట, చోయెంగ్ ఎక్‌లో ముప్పావు గంట. డ్రైవర్ గేటు దగ్గర నిలబడి వాచీ చూపిస్తున్నాడు. పైగా దారిలో, తుపాకీ కాల్చే రేంజ్ ఒకటుంది, వెళ్తారా అని అడిగాడు. నాన్న మొహం మాడిపోయింది. రాత్రి భోంచేసేటప్పుడు, "అమ్మా, ఇది చూడటం కాదు. రేపు మనమే వెళ్దాం," అన్నారు. రాజభవనం ప్లాన్ మానేసి, ఆ రెండింటికీ చెరో పూట ఇచ్చాం.

టువోల్ స్లెంగ్ ఒకప్పుడు హైస్కూలు. మూడంతస్తుల భవనాలు, పొడవాటి వరండాలు, మధ్యలో ఆటస్థలం, చెట్లు. మన జిల్లా పరిషత్ బళ్ళు ఎలా ఉంటాయో అలాగే. 1975 ఏప్రిల్ 17న, పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పక్షం ఖ్మేర్ రూజ్ సైన్యం నగరాన్ని పట్టుకుంది. జనాన్నంతా పల్లెలకి తరిమేసింది. డబ్బు రద్దు, బళ్ళు బంద్. చదువుకున్నవాడంటేనే అనుమానం. ఈ బడిని ఎస్-21 అనే రహస్య జైలుగా మార్చారు. తరగతి గదుల్లో ఇటుకలు పేర్చి మనిషి సరిగ్గా కాళ్ళు చాపుకోలేనంత గదులు కట్టారు. ఒక భవనం వరండాలకి ముళ్ళకంచె అల్లారు. పైనుంచి దూకి చచ్చిపోయే వీలు కూడా ఉండకూడదని. దాదాపు 18 వేల మందిని ఇక్కడికి తెచ్చారంటారు. బతికి బయటపడ్డవాళ్ళు పన్నెండు మందో, అంతకు కొంచెం ఎక్కువో.

ఈసారి గేటు దగ్గర ఒక గైడుని మాట్లాడుకున్నాం. నా వయసు అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ తరంలో ముగ్గురు తిరిగి రాలేదట. గొంతు పెంచకుండా, ఎక్కడా ఏడిపించే ప్రయత్నం చేయకుండా చెప్పింది. జైలు అధికారి డుచ్ అంతకుముందు లెక్కల మాస్టారు అని చెప్పినప్పుడు నాన్న ఆగిపోయారు. ఖైదీలని కొట్టి రాయించిన నేరాంగీకార పత్రాలు డుచ్ దగ్గరికి వెళ్ళేవట. అంచుల్లో ఎర్ర సిరాతో దిద్ది, ఇది చాలదు, మళ్ళీ అడగండి అన్నట్టు వెనక్కి పంపేవాడట. ముప్ఫై నాలుగేళ్ళు ఎర్ర పెన్నుతో పిల్లల పేపర్లు దిద్దిన మనిషి మా నాన్న. ఆ గదిలోంచి బయటికొచ్చి చెట్టు కింద బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయారు. గైడు తొందరపెట్టలేదు, వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చిచ్చింది. ఆ ఓపిక వ్యాన్ ప్యాకేజీలో దొరికేది కాదు.

ఖైదీల ఫొటోల గదులు నా మటుకు నాకు అన్నిటికన్నా కష్టం. గోడ నిండా మొహాలే. మెడ దగ్గర నంబర్లు. ఒకావిడ ఒళ్ళో పసిబిడ్డ. ప్రాణాలతో మిగిలినవాళ్ళలో చుమ్ మే మెకానిక్, యంత్రాలు బాగుచేయడం వచ్చు కాబట్టి ఉంచారు. బౌ మెంగ్ బొమ్మలు వేస్తాడు కాబట్టి ఉంచారు, ఆయన భార్యని మాత్రం చంపేశారు. డుచ్ మీద విచారణ జరిగినప్పుడు ఇద్దరూ కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పారు. డుచ్‌కి 2012లో యావజ్జీవ శిక్ష ఖాయమైంది.

గైడు చెప్పిన ఇంకో సంగతి నాకు కొత్త. ఖ్మేర్ రూజ్ పాలించిన ఆ మూడేళ్ళ ఎనిమిది నెలల్లో పదిహేడు నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారు. అప్పటి జనాభా ఎనభై లక్షల లోపే. అయినా ఖ్మేర్ రూజ్ అగ్రనేతల మీద 2018లో వచ్చిన తీర్పులో 'జాతి నిర్మూలన' అన్న నేరం రుజువైంది చామ్ ముస్లింల విషయంలో, వియత్నామీయుల విషయంలో. మిగతా హత్యలని మానవాళిపై నేరాలుగా లెక్కించారు. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో 'జాతి నిర్మూలన' అన్న మాటకి ఒక జాతినో, మతాన్నో ఉద్దేశపూర్వకంగా తుడిచిపెట్టాలన్న అర్థం ఉంది కాబట్టి. ఈ తేడా ఇంత నిదానంగా విడమరిచి చెప్పే చోటు నేను ఇంకోటి చూడలేదు.

చోయెంగ్ ఎక్ ఊరికి పదిహేను కిలోమీటర్లు. పొద్దున్నే టుక్‌టుక్‌లో వెళ్ళాం. వెయిటింగుతో కలిపి రేటు ముందే మాట్లాడుకోవాలి, లేదంటే తిరుగు ప్రయాణంలో టెన్షన్. ఇక్కడ గైడుకన్నా ఆడియో మేలు. తెలుగు లేదు, మేం ఇంగ్లీషు తీసుకున్నాం. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ఎవరికి వాళ్ళే అయిపోతారు, ఆవరణంతా నిశ్శబ్దం. ఎస్-21 నుంచి రాత్రిళ్ళు లారీల్లో తెచ్చి చంపిన చోటిది. 129 గోతుల్లో 86 తవ్వారు, దాదాపు తొమ్మిది వేల మంది అస్థికలు దొరికాయి. మిగతావాళ్ళని కదపకుండా వదిలేశారు. ముందు రాత్రి వాన పడింది. కాలిబాట పక్కన మట్టిలోంచి ఒక గుడ్డపీలిక బయటపడి ఉంది. నీలం రంగు, అంచు కుట్టు ఇంకా ఊడలేదు. నాన్న వంగి చూసి, దూరంగా జరిగి నడిచారు.

పిల్లల్ని చంపిన చెట్టుకి సందర్శకులు రంగురంగుల దారాలు కట్టారు. ఇంకో చెట్టుకి అప్పట్లో మైకు తగిలించి, అరుపులు వినపడకుండా పాటలు పెట్టేవాళ్ళట. ఆ పాటనీ జనరేటర్ మోతనీ కలిపి ఆడియోలో వినిపిస్తారు. నేను సగంలో ఆపేశాను.

ఇక అవసరమైన సంగతులు. మేం వెళ్ళినప్పుడు టువోల్ స్లెంగ్ టికెట్ ఐదు డాలర్లు, ఆడియో ఇంకో ఐదు. చోయెంగ్ ఎక్‌లో మూడు, మూడు. బస మ్యూజియానికి నడిచి వెళ్ళేంత దూరంలో చూసుకోండి. ప్యాకేజీ అమ్మిన హోటల్ ఖాళీ చేసి మేం మారిన చిన్న గెస్ట్‌హౌస్‌లో గది ఇరుకే, కానీ శుభ్రం. యజమానురాలు నాన్న కోసం ఫిష్ సాస్ వేయకుండా తూటికూర వేయించి పెట్టింది. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి, హైస్కూలు పిల్లలైతే ముందే కూర్చోబెట్టి చెప్పి తీసుకెళ్ళండి. 2025 జులైలో ఈ రెండింటినీ, ఎం-13 అనే పాత జైలునీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాబట్టి రద్దీ పెరుగుతుంది, ఉదయమే వెళ్ళడం మంచిది.

చోయెంగ్ ఎక్ నుంచి మేం బయటికొచ్చే వేళకి స్కూలు పిల్లలు వచ్చారు. తెల్ల చొక్కాలు, నీలం లాగులు. అద్దాల స్తూపం ముందు చెప్పులు విప్పి వరుసలో నిలబడ్డారు. లోపల పదిహేడు అరల్లో పుర్రెలు, ఎముకలు. వాళ్ళ టీచరమ్మ మెల్లగా ఏదో చెబుతోంది. ఖ్మేర్ భాష, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్న హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, చెప్పులు విప్పి, ఆ వరుస చివర నిలబడ్డారు. ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నారు.